వాలుగ కర్రకు పిడి

నల్లమడుగులో గాలం వేసే ధైర్యం ఆ చుట్టుపక్కల ముగ్గురికే ఉండేది. చినకోటయ్య పోయాక ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరిలో ఒకడు మొగుడూ ఇంకొకడు తమ్ముడూ కావటం ఫిలోమినా ఖర్మ.

రెంటచింతల దాటి కృష్ణవైపు నడిస్తే నాపరాయి క్వారీలు వస్తాయి. క్వారీలు దాటితే ఏరు. అక్కడ ఏరు రాతిచట్టుల మధ్య ఇరుకై, ఒక మలుపు తిరిగి, లోతుగా నిలబడుతుంది. ఎండాకాలంలో మిగతా ఏరంతా పాయలు పాయలుగా చీలిపోయినా ఆ మలుపులో మాత్రం గడకు అడుగు అందదు. అదే నల్లమడుగు. అందులో వాలుగలుంటాయి. పొలుసు లేని నున్నటి ఒళ్ళు, చెంపలదాకా చీలిన నోరు, నోటినిండా రంపప్పళ్ళు. చిన్నది పడితే ఇంట్లో పులుసు ఉడుకుతుంది. పెద్దది పడినప్పుడు ఎవరు ఎవరికి చిక్కారో ఒడ్డున నిలబడి చెప్పటం కష్టం.

చినకోటయ్య దారాన్ని మణికట్టుకు చుట్టుకుని గాలం వేసేవాడు. అతని శవం దిగువ రేవులో తేలిన పొద్దు ఫిలోమినా బట్టలు ఉతకటానికి వెళ్ళి ఉంది. పడవవాళ్ళు ఒడ్డుకు లాగితే చూసింది. దారం మణికట్టును కోసుకుని ఎముకదాకా దిగింది. రెండో కొసన గాలం ఉంది. చేప లేదు. ఆ రోజు నుంచి ఆమెకు ఏటి చప్పుడు పడదు. గుడిసె తలుపు ఏటివైపు ఉందని వేసవిలో కూడా మూసే ఉంచేది.

ఆమె మొగుడు బాలశౌరి ఒకప్పుడు క్వారీలో పేరున్న పనివాడు. అతను సుత్తి ఎత్తి వేస్తే నాపరాయి ఎక్కడ చీలమంటే అక్కడ చీలేది. అలాంటివాడి కుడిచేతి మీద ఒక పలక జారింది. ఉంగరపువేలు, చిటికెనవేలు అక్కడే పోయాయి. మేస్త్రీ జాలిపడి కాపలా పనిలో పెట్టాడు. జాలి అనేది మగవాడికి పుండు మీద కారం. దానికితోడు పోయిన వేసవిలో, క్వారీ జనమంతా చట్టుల మీద కూర్చుని చూస్తుండగా, ఒక పెద్ద వాలుగ అతని గాలం మింగింది. కర్ర ఆ మూడు వేళ్ళలోంచి జారి మడుగులోకి పోయింది. జనం నవ్వారు. వేళ్ళు పోతే పోయాయి, కర్రన్నా మిగుల్చుకోలేకపోయాడని కల్లుపాక దగ్గర చెప్పుకున్నారు. ఆ నవ్వు బాలశౌరి మనసులో ముల్లయింది. ఆ వాలుగను పట్టి క్వారీ మేస్త్రీ ముందు పడేస్తే తప్ప అది ఊడేలా లేదు.

మామూలు గాలపుకర్రకు పిడి ఎవడూ పెట్టించడు. వెదురుగడే పిడి. బాలశౌరికి మాత్రం పిడి కావాల్సి వచ్చింది, అతని చేతికి సగం పట్టే ఉంది కాబట్టి. కృష్ణ మీద కడుతున్న డ్యామ్ పనిలోంచి బదిలీ మీద వెళ్తూ ఒక సూపర్‌వైజరు తన చక్రాన్ని, అంటే దారం చుట్టుకునే రీలును, బాలశౌరికి ఇచ్చి వెళ్ళాడు. దాన్ని చుట్టిన కాగితం ఏదో అమెరికా పుస్తకంలో పేజీ. అందులో గాలపుకర్రల పిడుల బొమ్మలు, వాటి పక్కన కోరలతో ఒక చేప. ఫిలోమినా తమ్ముడు జయరాజు రెంటచింతల మిషన్ బళ్ళో ఎనిమిదిదాకా చదివాడు. కూడబలుక్కుని దాని పేరు మస్కీ అని తేల్చాడు. వాలుగకు అమెరికాలో మేనత్త కొడుకు ఉన్నాడని పల్లెంతా తిరిగి చెప్పొచ్చాడు.

జయరాజు అలాంటివాడే. తండ్రి పోయినప్పుడు వాడు పాకే పిల్లాడు. తల్లి దేవమ్మ కూలికి పోతే ఫిలోమినాయే చంకనేసుకు పెంచింది. ఇప్పుడు క్వారీలో బావ వదిలిన సుత్తి పట్టాడు. బామ్మర్ది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అంటారు కదా. వాడు బావను విడిచి ఉండేవాడు కాదు. బావ మడుగుకు పోతే వాడూ పోవాల్సిందే.

క్వారీ దారిలో యల్లమంద వడ్రంగం షెడ్డు. గునపాలకు, సుత్తులకు, గొడ్డళ్ళకు పిడులన్నీ అతని చేతి మీదే. ఆ కాగితం చూసి యల్లమంద మూడు నమూనాలు చెక్కి పెట్టాడు. ఒకటి కురచగా, వంకర తిరిగి, తుపాకి మడమలా ఉంది. రెండోది రెండు ముక్కల పిడి, పైచేతికి ఒకటి, కిందిచేతికి ఒకటి, మధ్యలో ఉత్త వెదురే. తేలిగ్గా ఉంటుంది, విసిరితే దూరం పోతుంది. మూడోది మూరన్నర పొడుగున ఒకటే పిడి. తుమ్మచేవతో చేసింది, చంకలోకి దోపుకుని మోచేత్తో అదిమి పట్టొచ్చు. మూడు వేళ్ళవాడికి మోచెయ్యే దిక్కు.

జయరాజు రెండు ముక్కల పిడి బాగుందన్నాడు. ఫిలోమినా కురచ పిడి తీసుకుని మొగుడి చేతిలో పెట్టింది. ఎందుకని అడిగితే చేతిలో ఇముడుతుందని చెప్పింది. నిజానికి ఆమె చూసింది వేరు. ఆ వంకర పిడిని ఒంటిచేత్తో పట్టాలి, బరువు మీదపడితే ఎంత మొండివాడైనా వదిలెయ్యాలి. బాలశౌరి దాన్ని పక్కనపెట్టి పొడుగుపిడిని చంకలోకి దోపాడు. అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. అతని ముఖంలో అంత వెలుగు ఆమె చూసి చానాళ్ళయింది. అక్కడితో ఆగినా బాగుండేది. పిడి మడమకు ఒక ఇనపకడియం వెయ్యమన్నాడు. దానికి తోలుపట్టా కట్టి నడుముకు బిగించుకుంటానన్నాడు.

"ఇంక ఎట్టా జారిద్దో చూస్తా" అన్నాడు.

ఫిలోమినా కళ్ళకు చినకోటయ్య మణికట్టు కనిపించింది.

ఇంటికి వచ్చాక ఆమె ఊరుకోలేదు. కోటయ్యకు చెయ్యే పోయింది, నీకు నడుమే పోతుందని చెప్పింది. ఏడ్చింది. అన్నం వండనని బెదిరించింది. బాలశౌరి నవ్వి, ఏరు ఆమడ ఉండగానే చీర విప్పుకున్నట్టుంది నీ యవ్వారం అని కొట్టిపారేశాడు. తర్వాత నవ్వు మానేసి, తను క్వారీలో తలెత్తుకు తిరగటం ఆమెకు ఇష్టం లేదా అని అడిగాడు. దానికి ఏ పెళ్ళాం మాత్రం ఏం జవాబు చెబుతుంది? పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడితో వాదించి గెలిచిన ఆడది పల్నాడులో ఇంకా పుట్టలేదు.

మర్నాడు పొద్దున మొగుడు కాపలాకు వెళ్ళగానే ఆమె ఒక్కతే యల్లమంద షెడ్డుకు వెళ్ళింది.

పిడిలోపల తొలిచిన గుంటలో వెదురు మొదలును దించి, లక్క కరిగించి పోస్తారు. ఆ పైన పిడినీ వెదురునూ కలిపి అడ్డంగా ఒక ఇత్తడి చీల దిగ్గొడతారు. లక్క పట్టు ఒక మాదిరిది. అసలు పట్టంతా చీలదే. ఫిలోమినా అడిగింది ఒక్కటే, ఆ చీల వద్దని.

యల్లమంద ఉలి కింద పెట్టాడు. అతనికి కోపం వచ్చింది. పిడి ఊడేలా చెయ్యమని తన వంశంలో ఎవరినీ ఎవరూ అడగలేదన్నాడు. పైగా ఆ షెడ్లలో ఒక ఆచారముంది. గొడ్డలైనా గునపమైనా, చీలకు చివరిదెబ్బ దాన్ని వాడుకునేవాడే కొట్టాలి. కొట్టాక వడ్రంగి "దెబ్బ నీది, పిడి నీది" అంటాడు. ఆ మాటతో వడ్రంగి పూచీ తీరిపోతుంది. ఆ తర్వాత పిడి ఊడి ఎవరి తల పగిలినా ఆ తప్పు దెబ్బ కొట్టినవాడిదే. చీలే లేకపోతే బాలశౌరి ఏం కొడతాడు, తను ఏ నోటితో ఆ మాట అంటాడు?

ఫిలోమినా కదలలేదు.

"అన్నా, పెద్దది పడ్డప్పుడు కర్ర పోవాల, మనిషి మిగలాల" అంది. "నీకు ఆడపిల్లలున్నారు. నేనూ ఒకదాన్ననుకో."

యల్లమంద ఉలి మళ్ళీ అందుకున్నాడు. చినకోటయ్య పాడెకు కర్రలు కొట్టింది కూడా అతనే. చివరికి, తల మాత్రమే ఉండి తోక లేని చీల ఒకటి చేస్తానన్నాడు. చూడటానికి మామూలు చీలే. చెక్కలో ఆగిపోతుంది, వెదురుదాకా పోదు. చిన్నచేపలకు లక్క తట్టుకుంటుంది. పెద్దది ఈడిస్తే వెదురు పిడిలోంచి ఊడి రీలుతో సహా మడుగులోకి పోతుంది, పిడి నడుముకే వేలాడుతుంది. రీలు పోతే మళ్ళీ దొరకదని కూడా చెప్పాడు. పోతే పోనీమంది.

"ఈ సంగతి నీకూ నాకే" అన్నాడు యల్లమంద. "మంచి జరిగినా చెప్పుకునేది లేదు, చెడు జరిగినా చెప్పుకునేది లేదు."

చీల కొట్టే రోజు షెడ్డు ముందు నలుగురు పోగయ్యారు. బాలశౌరి ఎడమచేత్తో సుత్తి అందుకుని, ఒక్క నిమిషం ఆగి, కుడిచేతికి మార్చుకున్నాడు. మూడు వేళ్ళతో ఎత్తి కొట్టాడు. ఒకటే దెబ్బ. ఇత్తడితల చెక్కలోకి దిగి సమంగా కూర్చుంది. అంత సునాయాసంగా ఎందుకు దిగిందో తెలిసినవాళ్ళు అక్కడ ఇద్దరే. జయరాజు బావ భుజం మీద చరిచి, క్వారీలో తన పని ఊడేట్టుందని నవ్వాడు. బాలశౌరి పెళ్ళాం వంక చూశాడు, పెళ్ళినాడు చూసినట్టు. ఫిలోమినాకు తల తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోకుండా నవ్వింది.

యల్లమంద అనాల్సిన మాట అన్నాడు. గొంతులోనే అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు అంతా బాగానే నడిచింది. భయపెట్టే రోజులకంటే అలాంటి రోజులే ఎక్కువ మోసం చేస్తాయి. జెల్లలు పడ్డాయి, చేయిపొడుగు వాలుగలు రెండు మూడు పడ్డాయి. లక్క తట్టుకుంది. బాలశౌరి మనిషి మారాడు. కంచం ముందు కూర్చుని చీల గురించే చెప్పేవాడు. తన చేతిలో ఇంకా చేవ ఉందని, మేస్త్రీ మళ్ళీ సుత్తి ఇవ్వొచ్చని అనేవాడు. ఫిలోమినాకు కూడా మెల్లగా ధైర్యం చిక్కింది. పెద్దది పడేరోజు ఎప్పుడో వస్తుంది, కర్ర పోతుంది, మొగుడు నాలుగురోజులు మూతి ముడుచుకుంటాడు, అంతేననుకుంది. ఆదివారం పూజలో మరియమ్మ తల్లికి దణ్ణం పెట్టి, నా మొగుణ్ణి నాకు ఉంచు అని అడిగేది. అంతకంటే ఏమీ అడగలేదు. అడగాల్సింది ఇంకా ఉందని ఆమెకు తోచలేదు.

శ్రావణంలో ఒక ఆదివారం, పూజ అయ్యాక బావ బావమరుదులు మడుగుకు వెళ్ళారు. ఇక్కడ వాన చినుకు లేదు, ఎండ కాస్తోంది. ఫిలోమినా మధ్యాహ్నం సద్దిమూట పట్టుకుని బయల్దేరింది. క్వారీ దాటగానే ఏటి చప్పుడు మారినట్టనిపించింది. మామూలుగా గలగలమనేది, ఆ రోజు లోపల్లోపల రొద పెడుతోంది. గట్టెక్కి చూసింది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నురగ మీద చెత్త, జొన్నదంట్లు తేలిపోతున్నాయి. పైన ఎక్కడో వాన పడింది. ఏరు పొంగుతోంది.

బాలశౌరి ఇవతలి చట్టు మీద కర్ర పట్టుకుని ఉన్నాడు. జయరాజు పాయకు అవతల, మధ్యబండ మీద ఉన్నాడు. గాలం ఆ బండ సందులో ఇరుక్కుంటే విడిపించటానికి మోకాలిలోతు నీళ్ళలో నడిచి వెళ్ళాడట. విడిపించి వెనక్కి తిరిగేసరికి ఆ మోకాలిలోతు నడుములోతు అయింది. ఇప్పుడు పీకలదాకా ఉంటుంది. బండ కూడా మునుగుతోంది. జయరాజుకు ఈత వచ్చు. కానీ ఆ వడికి ఈత ఏం పనిచేస్తుంది? పాయ నేరుగా మడుగులోకి దూకుతోంది.

ఇద్దరికీ కంగారు లేదు. అది చూసే ఫిలోమినా భయపడింది. వాళ్ళ ధైర్యం దేని మీదో ఆమెకు తెలుసు. బాలశౌరి రాతి చీలికలో పాదాలు తన్నిపట్టి, పొడుగుపిడిని చంకలో అదుముకుని, కర్రను పాయకు అడ్డంగా చాపాడు. గట్టి వెదురు, విరిగేది కాదు. నడుముకు పట్టా బిగించి ఉంది. అంతకంటే గట్టి ఆధారం ఆ ఏట్లో ఇంకేముంది? జయరాజు వెదురు కొసను రెండు చేతులా పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. వడి వాణ్ణి పక్కకు ఈడ్చింది. కర్ర వంగింది, నిలబడింది. బాలశౌరి చీలికలోంచి పాదాలు తీసి, అడుగు అడుగు వెనక్కి వేస్తూ లాగుతున్నాడు.

ఫిలోమినా సద్దిమూట వదిలేసి రాళ్ళ మీద పరుగెత్తింది. పడింది, లేచింది.

"పిడి వదిలెయ్, వెదురు పట్టుకో" అని అరిచింది. "వెదురు పట్టుకోవయ్యా."

బాలశౌరికి వినపడింది. తల తిప్పి చూశాడు కూడా.

"ఊడదే, చీల నేనే కొట్టా" అన్నాడు.

ఆమె ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగా లక్క విడిచింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. బాలశౌరి వెల్లకిలా చట్టు మీద పడ్డాడు, పిడి చంకలో ఉండగానే, పట్టా నడుముకు ఉండగానే. జయరాజు వెదురుతో సహా మడుగులోకి వెళ్ళిపోయాడు. ఒకసారి తల పైకి వచ్చింది. అక్క వైపే చూశాడని ఆమె అనుకుంది. అంత దూరానికి ఎవరు మాత్రం చెప్పగలరు?

చినకోటయ్య దొరికిన రేవులోనే వాడూ దొరికాడు. వెదురును రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. వేళ్ళు విడదీయటానికి పడవవాళ్ళు తంటాలు పడ్డారు.

సమాధి దగ్గర జనం యల్లమంద మీదకు వెళ్ళారు. పిడి సరిగా వెయ్యలేదని కొట్టబోయారు. బాలశౌరి అడ్డం నిలబడ్డాడు. యల్లమంద పని యల్లమంద చేశాడు, చివరిదెబ్బ నాది, తప్పు నాది అన్నాడు. ఆచారం తెలిసినవాళ్ళు కాబట్టి అందరూ తగ్గారు. యల్లమంద ఒక్కసారి ఫిలోమినా వంక చూశాడు. ఆమె మాట్లాడలేదు. అతనూ మాట్లాడలేదు, ఇచ్చిన మాట ఉంది కదా.

అప్పటినుంచి బాలశౌరి తిండి మానేశాడు. నడుముకు ఉన్న పట్టా విప్పలేదు. పొద్దున లేచి మడుగు దగ్గరకు వెళ్ళి ఆ చట్టు మీదే కూర్చునేవాడు. ఏరు ఇంకా తగ్గలేదు. అంచుకు ఎంత దగ్గరగా కూర్చుంటున్నాడో ఫిలోమినా రోజూ గట్టు మీదనుంచి చూసేది. ఒక్కోరోజు ఇంకొంచెం ముందుకు జరిగేవాడు. చెబితే మొగుడు తన ముఖం చూడడు. చెప్పకపోతే తనకే మొగుడి ముఖం కనపడకుండా పోతుంది. తమ్ముడి కోసం ఏడ్వటానికి కూడా ఆమెకు తీరిక దొరకలేదు. ఆ సంగతికి తనమీద తనకే అసహ్యం వేసింది.

దేవమ్మ ఇంట్లో ప్రార్థన పెట్టారు. ఫాదరు వచ్చి వెళ్ళాడు. చుట్టాలు భోంచేసి లేచారు. బాలశౌరి ముందు కంచం అలాగే ఉంది. దేవమ్మ వచ్చి అల్లుడి పక్కన కూర్చుంది. ఆ మూడు వేళ్ళ చేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. కొడుకును మింగిన చేతిని ఏ తల్లి అలా పట్టుకుంటుంది? దేవమ్మ పట్టుకుంది. ఆ చేతిలో పాపం లేదు నాయనా, నాలుగు మెతుకులు తినమంది.

బాలశౌరి తల అడ్డంగా ఊపాడు. పెళ్ళాం వైపు తిరిగాడు.

"దీనికి ముందే తెలుసు అత్తా" అన్నాడు. "నా దెబ్బలో బలం లేదని దీనికి తెలుసు. అందుకే వెదురు పట్టుకోమని అరిచింది. నేనే ఇన్లా."

ఫిలోమినా అంతవరకు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వచ్చి మొగుడి ఎదుట కూర్చుంది.

"నీ దెబ్బకేం కాలా" అంది. "చీలకు తోకే లేదు. నేనే వద్దన్నా. యల్లమందన్నను కాళ్ళావేళ్ళా పడి ఒప్పించా. చేప ఈడిస్తే కర్ర పోయి నువ్వు బతకాలని."

బాలశౌరి తన చేతిని దేవమ్మ ఒళ్ళోంచి తీసుకుని, ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకున్నాడు. దేవమ్మ కూతురి వైపు తిరిగింది. తిడుతుందని, కొడుతుందని ఫిలోమినా ఎదురుచూసింది. కొట్టినా బాగుండేది. దేవమ్మ లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళి, అన్నం కుండ తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"పెట్టవే నీ మొగుడికి" అంది. "చానా ఖరీదుకు తెచ్చుకున్నావు."

ఫిలోమినా చల్లారిన అన్నం తీసేసి వేడన్నం వడ్డించింది. బాలశౌరి నడుముకున్న పట్టా విప్పి పక్కన పెట్టాడు. ఆ చేత్తోనే కలుపుకుని తిన్నాడు. ఎన్నాళ్ళ ఆకలో, కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. ఇంకొంచెం పెట్టమంటావా అని ఆమె అడిగితే కంచం ముందుకు జరిపాడు కానీ, తలెత్తి ఆమె ముఖం చూడలేదు.